నమ్మనివారి క్రిస్మస్: ఒక చారిత్రక పరిశీలన



డిసెంబరు నెల సగం గడిచేసరికి మన ఊళ్ళలో ఇళ్ళ చూరులకు కాగితపు నక్షత్రాలు వేలాడతాయి. బేకరీల అద్దాల వెనుక కేకులు బారులు తీరతాయి. చర్చికి వెళ్ళే కుటుంబాలు పండుగ చేసుకోవడంలో వింత లేదు, అది వారి పండుగ. అయితే ఏనాడూ చర్చి గడప తొక్కనివారు, ఏ దేవుడి మీదా పెద్దగా నమ్మకం లేనివారు కూడా ఆ రోజున కేకు కోస్తారు, పిల్లలకు ఎర్రటోపీ పెడతారు. ఇక్కడే కాదు, ప్రపంచంలో చాలా దేశాల్లో ఇదే తీరు. మతం లేనివారు క్రిస్మస్ చేసుకుంటారా? చేసుకుంటే ఎందుకు? ఈ ప్రశ్నను చరిత్ర వెలుగులో పరిశీలించడమే ఈనాటి ప్రసంగం ఉద్దేశం.

ఈ ప్రశ్న వేసేవారు రెండు రకాలు. మొదటివారు భక్తులు. "మా రక్షకుడి పుట్టినరోజును ఆయనను నమ్మనివారు విందు వినోదాల రోజుగా మార్చేశారు" అన్నది వారి బాధ. రెండోవారు నాస్తికులు, హేతువాదులు. "నమ్మనప్పుడు పండుగ చేసుకోవడం కపటం కాదా" అన్నది వారి నిలదీత. ఇద్దరి మాటలోనూ బలం ఉంది. ఇద్దరూ ఒక విషయాన్ని ముందే ఒప్పేసుకుని మాట్లాడుతున్నారు: పండుగకు పునాది నమ్మకమే అని. ఆ మాట ఎంతవరకు నిజమో చరిత్రను అడిగి చూద్దాం.

ముందుగా తేదీ సంగతి. యేసు ఏ నెలలో, ఏ రోజున పుట్టాడో నాలుగు సువార్తల్లో ఎక్కడా లేదు. మత్తయి, లూకా సువార్తలు జన్మ వృత్తాంతం చెప్తాయి గాని తేదీ చెప్పవు. తొలి క్రైస్తవులకు ముఖ్యమైన పండుగ పునరుత్థానమే. డిసెంబరు 25న రోమ్ నగరంలో జన్మదినం జరుపుకొన్నట్టు మనకు దొరికే తొలి ఆధారం క్రీ.శ. 336 నాటిది. అది 354లో తయారైన ఒక పంచాంగంలో నమోదై ఉంది. అంటే యేసు కాలానికి మూడు వందల ఏళ్ళ తరువాతి మాట.

ఆ తేదీనే ఎందుకు ఎంచుకున్నారన్న దానిపై పండితుల్లో రెండు వాదాలున్నాయి. రోమనులు డిసెంబరు 17 నుంచి సాటర్నేలియా అనే పండుగ చేసుకునేవారు. అందులో విందులు, కానుకలు ఉండేవి. యజమానులు బానిసలకు వడ్డించే ఆచారం కూడా ఉండేది. 274లో ఔరేలియన్ చక్రవర్తి అజేయ సూర్యుడికి గుడి కట్టించి ఆ ఆరాధనను రాజ్యమంతటా ప్రోత్సహించాడు. ఈ పాత పండుగల స్థానంలోనే కొత్త పండుగ వచ్చిందని ఒక వాదం. రెండో వాదం ప్రకారం, మార్చి 25ను మరియ గర్భం ధరించిన రోజుగా భావించి, అక్కడినుంచి తొమ్మిది నెలలు లెక్కగట్టి డిసెంబరు 25కు వచ్చారు. వాదం ఏదైనా, ఆ తేదీ చుట్టూ శీతకాలపు పాత వేడుకల వాసన ఉందన్నది మాత్రం ఎవరూ కాదనరు.

ఇక్కడ మన పంచాంగం సంగతి ఒకటి గుర్తు చేసుకుందాం. పాత రోమన్ లెక్కలో డిసెంబరు 25 సూర్యుడు ఉత్తరం వైపు మళ్ళే రోజు. రాత్రి తగ్గి పగలు పెరగడం అక్కడినుంచే మొదలు. మన మకర సంక్రాంతి కూడా ఉత్తరాయణ పుణ్యకాలమే. నిజంగా సూర్యుడు మళ్ళేది డిసెంబరు 21 లేదా 22న. భూమి అక్షం మెల్లగా దిశ మార్చుకోవడం వల్ల మన నక్షత్ర మానం నేడు సుమారు 24 రోజులు ముందుకు జరిగిపోయింది. సుమారు 1700 ఏళ్ళ క్రితం ఈ రెండూ ఒకటిగానే ఉండేవి. మనం సంక్రాంతిని పెద్ద పండుగ అంటాం. హిందీవారు క్రిస్మస్‌ను బడా దిన్ అంటారు, ఒడియావారు బడదిన అంటారు. పెద్ద పండుగ, పెద్ద దినం. ఆకాశంలో జరిగే ఒకే మలుపు చుట్టూ వేరువేరు ప్రజలు వేరువేరు కథలు అల్లుకున్నారు.

ఇక రెండో ఘట్టం. క్రిస్మస్‌ను చరిత్రలో అందరికంటే గట్టిగా వ్యతిరేకించినవారు ఎవరు? నాస్తికులు అనుకుంటాం. కాదు. పరమ భక్తులైన ప్యూరిటన్లు. పదిహేడవ శతాబ్దంలో ఇంగ్లండులో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం జరుగుతున్న కాలంలో వారిది పైచేయి అయింది. బైబిలులో తేదీ లేని పండుగ దేవుడు పెట్టింది కాదనీ, అది పాత విగ్రహారాధకుల తాగుడు, జూదాల శేషమనీ వారి వాదన. 1644లో క్రిస్మస్ నాడు విందు కాదు, ఉపవాసం ఉండమన్నారు. 1647 జూన్‌లో పార్లమెంటు చట్టం చేసి క్రిస్మస్‌తో పాటు ఈస్టరు వంటి పండుగలను కూడా రద్దు చేసింది.

జనం ఊరుకోలేదు. ఆ ఏడాది డిసెంబరు 25న కాంటర్‌బరీ పట్టణంలో దుకాణాలు తెరిచి ఉంచాలని మేయరు ఆజ్ఞాపిస్తే, జనం గుమిగూడి, తెరిచిన దుకాణాల సరుకు వీధిలో పారేశారు. అల్లరి చాలా దూరం పోయింది. ఆ జనమంతా వేదాంత చర్చ చేసి లేచినవారు కాదు. ఏడాది పొడుగునా కష్టపడితే దక్కే ఒకటి రెండు రోజుల ఆటవిడుపును లాక్కున్నారన్నది వారి కోపం. 1660లో రాజు తిరిగి వచ్చాక పండుగ కూడా తిరిగి వచ్చింది.

సముద్రం దాటి అమెరికా చేరిన ప్యూరిటన్లు మసాచుసెట్స్‌లో 1659లో ఇంకో అడుగు ముందుకు వేశారు. క్రిస్మస్ జరుపుకున్నట్టు తేలితే అయిదు షిల్లింగుల జరిమానా. ఆ చట్టం 1681 దాకా నడిచింది. స్కాట్లండులో చర్చి వ్యతిరేకత ఎంత లోతుగా నాటుకుందంటే, అక్కడ క్రిస్మస్ సెలవుదినం అయింది 1958లోనే. కాబట్టి భక్తి ఉంటే క్రిస్మస్, భక్తి లేకపోతే క్రిస్మస్ లేదు అనే సూత్రం మొదట్లోనే తప్పుతోంది. భక్తి ఎక్కువై పండుగను వదిలినవారు ఉన్నారు. భక్తి సంగతి ఆలోచించకుండా పండుగ కోసం రాళ్ళు రువ్వినవారూ ఉన్నారు.

మనం ఇప్పుడు చూస్తున్న క్రిస్మస్ రూపం చాలావరకు పందొమ్మిదవ శతాబ్దంలో తయారైంది. ఇంగ్లండులో మిల్లులు, గనులు, రైళ్ళు వచ్చిన కాలం అది. పల్లెలు విడిచి జనం పట్టణాలకు చేరారు. ఇంటిల్లిపాదీ కలిసే సందర్భాలు తగ్గాయి. అలాంటి సమయంలో 1840లో ఒక పెన్నీకే దేశంలో ఎక్కడికైనా ఉత్తరం పంపే తపాలా వచ్చింది. 1843లో హెన్రీ కోల్ అనే ఉద్యోగి తొలి క్రిస్మస్ కార్డు అచ్చు వేయించాడు. అదే ఏడాది డిసెంబరులో చార్లెస్ డికెన్స్ "ఎ క్రిస్మస్ కేరల్" ప్రచురించాడు. డబ్బు తప్ప మరొకటి ఎరగని స్క్రూజ్ అనే ముసలివాడు ఒక్క రాత్రిలో మారి, తన గుమాస్తా కుటుంబాన్ని ఆదుకునే కథ అది. ఆ కథలో బెత్లెహేము ప్రసక్తి బహు తక్కువ. పేదవాడి పొయ్యి, జబ్బుపడ్డ పిల్లవాడు, మనసు కరిగిన యజమాని, వీరి చుట్టూనే కథంతా నడుస్తుంది. 1848లో విక్టోరియా రాణి కుటుంబం అలంకరించిన చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ ఒక లండను పత్రికలో పడింది. జర్మనీ ఆచారమైన క్రిస్మస్ చెట్టు ఆ బొమ్మతో ఇంగ్లండులో ఇంటింటికీ చేరింది.

అమెరికాలో అదే పని ఒక పద్యం చేసింది. 1823లో ఒక పత్రికలో పేరు లేకుండా వచ్చిన పద్యంలో సెయింట్ నికొలాస్ రెయిన్‌డీర్లు లాగే బండి మీద వచ్చి, పొగగొట్టం గుండా దిగి, పిల్లల మేజోళ్ళలో బొమ్మలు నింపుతాడు. తరువాత థామస్ నాస్ట్ అనే చిత్రకారుడు ఆ ముసలాయనకు బొద్దు శరీరం, తెల్లగడ్డం ఇచ్చి పదేపదే గీశాడు. మన క్రిస్మస్ తాత అలా తయారైనవాడే. 1870లో అక్కడి ప్రభుత్వం డిసెంబరు 25ను సెలవుగా ప్రకటించింది. అలా ఒకప్పుడు చర్చికీ, సారాయి అంగడికీ మధ్య ఊగిసలాడిన పండుగ ఇంటి పండుగ అయింది, పిల్లల పండుగ అయింది, దానధర్మాల పండుగ అయింది. ఇల్లు, పిల్లలు, దానం. ఈ మూడింటిలో దేనికీ మత విశ్వాసం తప్పనిసరి కాదు. నమ్మనివారికి తలుపు తెరుచుకుంది అక్కడే.

ఇప్పుడు ఇంకో చిత్రమైన ఉదాహరణ చూద్దాం. దేవుడు లేడని ప్రభుత్వమే చెప్పిన దేశంలో ఏం జరిగింది? సోవియట్ రష్యాలో 1920ల చివర మత వ్యతిరేక ప్రచారం ముమ్మరమైంది. క్రిస్మస్ సెలవు పోయింది. ఇంట్లో చెట్టు పెట్టడం కూడా పాత మూఢాచారమని తప్పుపట్టారు. కొన్నేళ్ళు గడిచాయి. 1935 డిసెంబరు 28న పావెల్ పోస్టిషెవ్ అనే పార్టీ నాయకుడు "ప్రావ్దా" పత్రికకు ఒక లేఖ రాశాడు. పూర్వం ధనవంతుల పిల్లలకు ఉన్న ఆ సంబరం శ్రామికుల పిల్లలకు ఎందుకు ఉండకూడదు, బడుల్లో, అనాథాశ్రమాల్లో కొత్త సంవత్సరం చెట్టు పెడదాం అని దాని సారాంశం. మూడు నాలుగు రోజుల్లోనే చెట్లు తిరిగి వచ్చాయి. కొమ్మ చివర బెత్లెహేము నక్షత్రానికి బదులు ఎర్రనక్షత్రం వచ్చింది. సెయింట్ నికొలాస్‌కు బదులు మంచుతాత, ఆయన మనవరాలు వచ్చారు. విశాలాంధ్ర దుకాణాల్లో దొరికిన సోవియట్ పిల్లల పుస్తకాలు చదివినవారికి ఈ మంచుతాత పరిచయమే. లేఖ రాసిన పోస్టిషెవ్‌ను మాత్రం 1939లో ఆ ప్రభుత్వమే కాల్చి చంపింది. ఆయన పోయినా చెట్టు మిగిలింది. 1991లో రష్యాలో జనవరి 7 నాటి క్రిస్మస్ మళ్ళీ సెలవుదినం అయ్యాక కూడా, అక్కడి ఇళ్ళలో పెద్ద వేడుక కొత్త సంవత్సరమే. నమ్మకాన్ని ఆజ్ఞతో తీసివేయవచ్చని అనుకున్న ప్రభుత్వం కూడా, చీకటి రోజుల్లో పిల్లలకు ఒక దీపాల చెట్టు లేకుండా చేయలేకపోయింది. ఇది ఆలోచించవలసిన విషయం.

భక్తుల బాధ ఎంత తీవ్రంగా ఉంటుందో చెప్పే ఘటన ఫ్రాన్సులో జరిగింది. 1951 డిసెంబరు 23న దిజోన్ నగరంలో కథీడ్రల్ ఎదుట క్రిస్మస్ తాత బొమ్మను ఉరితీసి, ఎన్నో వందల మంది పిల్లల సమక్షంలో తగలబెట్టారు. చర్చి పెద్దల సమ్మతితోనే జరిగింది. పండుగను అన్యమతపు వేడుకగా మార్చాడన్నది తాత మీద నేరం. మరునాడు సాయంత్రం పురపాలక భవనం కప్పు మీద తాత మళ్ళీ ప్రత్యక్షమయ్యాడు. ఆ నగర మేయరు కూడా కథోలిక గురువే కావడం విశేషం. ఈ సంఘటన మీద ప్రఖ్యాత మానవ శాస్త్రవేత్త క్లోద్ లెవీ స్ట్రాస్ 1952లో ఒక వ్యాసం రాశాడు. పిల్లలకు కానుకలు ఇచ్చేటప్పుడు పెద్దలు నిజానికి జీవితం మీద, దాని తీపి మీద తమకున్న ఆశనే నిలబెట్టుకుంటున్నారని ఆయన వివరణ. చలి, చీకటి, మృత్యుభయం ముసిరే కాలంలో వెలుగును, పిల్లలను ముందు పెట్టుకుని మనిషి ధైర్యం తెచ్చుకుంటాడని ఆయన మాటల భావం.

జపాను ఉదాహరణ మరీ వింతైనది. అక్కడ క్రైస్తవులు జనాభాలో సుమారు ఒక శాతం. డిసెంబరు 25 అక్కడ సెలవు కూడా కాదు. 1926 డిసెంబరు 25న తాయిషో చక్రవర్తి మరణించడంతో, ఆయన సంస్మరణగా 1927 నుంచి 1947 దాకా ఆ రోజు సెలవుండేది, కారణం పూర్తిగా వేరు. యుద్ధం తరువాత దుకాణాలు, హోటళ్ళు క్రిస్మస్‌ను పట్టుకున్నాయి. మీగడ, స్ట్రాబెరీలు పెట్టిన కేకు ఆనవాయితీ అయింది. 1974లో ఒక అమెరికన్ వేయించిన కోడి కంపెనీ "క్రిస్మస్‌కు మా కోడి" అని ప్రచారం మొదలుపెట్టింది. నేటికీ ఆ సాయంత్రం కోడి కోసం ముందుగా చెప్పి ఉంచుకుని వరుసల్లో నిలబడతారు. క్రిస్మస్ వారికి ప్రేయసీ ప్రియుల, స్నేహితుల సాయంత్రం. కుటుంబమంతా కూడేది కొత్త సంవత్సరానికి. వ్యాపారం ఒక పండుగను ఎంతదూరం మోసుకుపోగలదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. అదే సమయంలో, వ్యాపారం తోడు లేకుండా ఇంత మంది ఇన్నేళ్ళు పండుగ చేసుకునేవారా అన్న సందేహం కూడా ఇక్కడే కలుగుతుంది.

ఇక పశ్చిమ దేశాల నేటి పరిస్థితి. ఇంగ్లండు, వేల్సులలో 2021 జనగణనలో క్రైస్తవులమని రాయించుకున్నవారు 46.2 శాతం, ఏ మతమూ లేదని రాయించుకున్నవారు 37.2 శాతం. క్రైస్తవులు సగానికి తగ్గడం అదే మొదటిసారి. అయినా డిసెంబరు 25న ఆ దేశంలో రైళ్ళు ఆగుతాయి, వీధులు నిర్మానుష్యం అవుతాయి. అమెరికాలో ప్యూ పరిశోధన సంస్థ 2013లో జరిపిన సర్వేలో పదిమందిలో తొమ్మిదిమంది క్రిస్మస్ చేసుకుంటామన్నారు. క్రైస్తవులు కానివారిలో సైతం పదికి ఎనిమిదిమంది అదే జవాబు ఇచ్చారు. దేవుడు లేడని పుస్తకాలు రాసిన శాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్ 2007లో బీబీసీతో మాట్లాడుతూ తనను తాను సంస్కృతి రీత్యా క్రైస్తవుడినని చెప్పుకున్నాడు. క్రిస్మస్ కీర్తనలు పాడడం తనకు ఇష్టమేనన్నాడు. నాస్తికుడు కీర్తన పాడితే తప్పేమిటి అని ఆయన భావం. త్యాగరాజ కీర్తన వింటూ కళ్ళు మూసుకునే నాస్తికుడు మన తెలుగు దేశంలోనూ లేకపోలేదు.

ఇంతవరకు బయటి దేశాల సంగతి చెప్పుకున్నాం. ఇప్పుడు మన వైపు చూద్దాం. సరిహద్దు జిల్లాల్లో రెండు మూడు భాషల మధ్య బ్రతికే మనకు మాటల ప్రయాణం తెలుసు. షోలాపూరు తెలుగువారికి మరాఠీలో క్రిస్మస్ అంటే నాతాళ్. అది పోర్చుగీసువారి నాతాల్ నుంచి వచ్చింది. యానాం 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. ఫ్రెంచిలో ఈ పండుగ నొయెల్. నాతాల్, నొయెల్ రెండూ పుట్టుకకు సంబంధించిన ఒకే లాటిను మాట సంతానం. బరంపురంలో బడదిన, హోసూరు, బళ్ళారి వైపు క్రిస్మస్. ఎవరి ఏలుబడిలో ఎవరున్నారో పండుగ పేరే చెప్తోంది. కచేరీలకు సెలవు కాబట్టి గుమాస్తా ఇంట్లో ఉన్నాడు, బడికి సెలవు కాబట్టి పిల్లలు ఆడుకున్నారు. మతంగా రాకముందే చాలామందికి ఇది సెలవుగా వచ్చింది.

కేకు కథ కూడా అంతే. కేరళలోని తలశ్శేరిలో 1883లో మాంబళ్ళి బాపు అనే బిస్కట్ల తయారీదారు ఒక దొర కోరిక మీద తొలి క్రిస్మస్ కేకు తయారుచేశాడని అక్కడివారు గర్వంగా చెప్పుకుంటారు. బాపు క్రైస్తవుడు కాడు. కలకత్తా న్యూ మార్కెట్‌లో క్రిస్మస్ కేకుకు పేరుపడ్డ నాహూమ్ దుకాణం యూదులది. అక్కడ వరుసలో నిలబడి కొనేవారిలో హిందువులే ఎక్కువ. మన ఆంధ్ర ఊళ్ళలో ఇంకో మాట వినబడుతుంది, సెమీ క్రిస్మస్. డిసెంబరు 25కు ముందే కార్యాలయాల్లో, కళాశాలల్లో, కాలనీల్లో అన్ని మతాలవారూ కలిసి కేకు కోసుకునే సభ అది.

అయితే ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. తెలుగునాట క్రైస్తవ మతం కేకుతో రాలేదు. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని కరవు కాటేసింది. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ పనుల్లో కూలి ఇప్పించి అంటరానివారని దూరం పెట్టబడిన కుటుంబాలను ఆదుకున్నాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఊరి చెరువులో నీళ్ళు తోడుకోనివ్వని, ఊరి గుడిలో అడుగు పెట్టనివ్వని మనుషులు వారు. తమకంటూ ఒక ప్రార్థనాలయం, తమ పిల్లలకు ఒక బడి, తమకంటూ ఒక పండుగ దొరకడం వారికి కేవలం విశ్వాసం కాదు, పరువు. ఆ వాడల్లో డిసెంబరు రాత్రి పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగే పిల్లల గొంతులో ఆ చరిత్ర ఉంది. కొత్త బట్ట కట్టి, అరిసెలు పంచే చేతుల్లో ఆ చరిత్ర ఉంది. పట్టణంలో కేకు కోసుకునే మనం, ఊరి చివర నక్షత్ర దీపం వెలిగిన ఇంట్లో కూర్చుని ఒక అరిసె తిన్నామా అని ఎవరికి వారు అడుగుకోవాలి. పండుగ అలంకారం తీసుకుని, పండుగ చేసుకునే మనిషిని దూరం పెడితే, అది నమ్మకం లేకపోవడం కంటే పెద్ద లోటు. కపటం అన్న మాట వాడవలసింది నిజానికి అక్కడ.

నేను పనిచేసే బడిలో తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకసారి అడిగాడు, "సార్, దేవుణ్ణి నమ్మనివాళ్ళకు పండుగ ఎట్లా వస్తుంది?" అని. పక్కన కూర్చున్న అమ్మాయి వెంటనే, "మా తాత జాతకాలు నమ్మడు సార్, కాని ఉగాదికి పంచాంగం వినకపోతే ఊరుకోడు" అంది. తరగతి అంతా నవ్వారు. ఆ అమ్మాయి మాటలో నా ప్రసంగం సగం ఉంది. తరతరాలుగా వేరే రాష్ట్రంలో ఉన్న తెలుగు కుటుంబానికి ఉగాది ఏమిటి? రాశిఫలాల మీద నమ్మకమా? ఆ రోజు ఇంట్లో తెలుగు వినబడుతుంది. వేపపువ్వు తెచ్చే నెపంతో పిల్లలకు ఆరు రుచుల పేర్లు తెలుగులో తెలుస్తాయి. నమ్మకం పోయినా పండుగ పోకుండా ఉన్నందువల్లే చాలా ఇళ్ళలో భాష మిగిలింది. పండుగ కూడా పోతే ఏం మిగులుతుందో ఇంట్లో అయ్య కన్నడంలోనో తమిళంలోనో అడిగితే, పిల్లవాడు ఇంగ్లీషులో జవాబు చెప్పే కుటుంబాలను చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

మతాన్ని కాదన్నవారు సైతం వేడుకను కాదనలేకపోయారనడానికి మన చుట్టూ మంచి ఆధారాలున్నాయి. హేతువాది త్రిపురనేని రామస్వామి చౌదరి పురోహితుల సంస్కృత మంత్రాలను తిరస్కరించాడు. కాని పెళ్ళి తంతు వద్దనలేదు. తెలుగులోనే "వివాహవిధి" రాసి, ఆ ప్రకారం పెళ్ళిళ్ళు చేయించాడు. తమిళనాట పెరియార్ ఆత్మగౌరవ ఉద్యమం పురోహితుడు లేని పెళ్ళిళ్ళు జరిపింది. 1967లో అన్నాదురై ప్రభుత్వం వాటికి చట్టబద్ధత కల్పించింది. అదే ద్రావిడ ఉద్యమం అనేక పండుగలను విమర్శిస్తూనే, పొంగల్‌ను మాత్రం రైతు పండుగగా, తమిళుల పండుగగా ఎత్తిపట్టుకుంది. మన పల్లెల్లో పీర్ల పండుగకు నిప్పులగుండం తొక్కేవారిలో హిందువులెందరో. వీరిలో ఎవరినీ మీ నమ్మకం ఏమిటని ఎవరూ పరీక్ష పెట్టలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. నమ్మనివారు పండుగ ఎందుకు చేసుకుంటారు? నాకు తోచిన కారణాలు నాలుగు. మొదటిది సెలవు. లోకమంతా పని ఆపిన రోజునే దూరాన ఉన్న కొడుకు, కూతురు ఇంటికి రాగలరు. రెండవది పిల్లలు. తాము పొందిన సంతోషాన్ని పిల్లలకు ఇవ్వకుండా ఉండడం తల్లిదండ్రులకు కష్టం. మూడవది రుతువు. చలికాలంలో వెలుగు కోరుకోవడం మతం కంటే పాత అలవాటు. నాలుగవది, అన్నిటికంటే ముఖ్యమైనది, జ్ఞాపకం. అమ్మ వండిన వంట, నాయన తెచ్చిన బట్ట, పోయినవారి గొంతులు పండుగతో ముడిపడి ఉంటాయి. దేవుణ్ణి కాదన్నవాడు అమ్మను కాదనలేడు.

భక్తుల ఫిర్యాదుకు కూడా జవాబు చెప్పాలి. పండుగకు మూలం మతమే అయినప్పుడు, దాని అర్థాన్ని గౌరవించడం అతిథి ధర్మం. కేకు తినండి, కాని ఆ రాత్రి చర్చిలో మోకరించినవారిని ఎగతాళి చేయకండి. నాస్తికుల ఫిర్యాదుకు జవాబు: నమ్మకం గురించి అబద్ధం చెప్తేనే కపటం. నమ్మను, అయినా మీతో కూర్చుంటాను అని చెప్పి కూర్చునేవాడు కపటి కాడు. అలాగే పండుగ వద్దనుకునేవారి హక్కు కూడా హక్కే. అమెరికాలో చాలా యూదు కుటుంబాలు క్రిస్మస్ చేసుకోవు. మన బడుల్లోనూ ఎర్రటోపీ పెట్టుకోనని ఒక పిల్లవాడు అంటే, మరొకరి పూజలో పువ్వు వేయనని ఇంకో పిల్లవాడు అంటే, బలవంతం చేయకూడదు. పిలుపు ఉండాలి, నిర్బంధం ఉండకూడదు.

చట్టం చేసి రద్దు చేసిన ఇంగ్లండులో పండుగ పోలేదు. దేవుడు లేడన్న రష్యాలో పేరు మార్చుకుని నిలిచింది. క్రైస్తవులు బహు తక్కువగా ఉన్న జపానులో వ్యాపారం భుజం మీద నడిచింది. ఒంగోలు వాడల్లో మనిషికి తలెత్తుకునే ధైర్యం ఇచ్చింది. ఇన్ని రకాలుగా బ్రతికిన దాన్ని నమ్మకం అనే ఒక్క గజంకర్రతో కొలవలేం. నమ్మేవారికి అది ఆరాధన, నమ్మనివారికి అది కలయిక. ఒకే వీధిలో ఈ రెండూ ఇరుగుపొరుగుగా ఉండగలిగితే ఇద్దరికీ నష్టం లేదు. ఈ డిసెంబరులో మీ పక్కింట్లో నక్షత్ర దీపం వెలిగితే, మీ నమ్మకం ఏదైనా సరే, వెళ్ళి పలకరించి రండి. సంక్రాంతికి వారు మీ ఇంటికి వస్తారు.